గడప దగ్గర ఆముదం గిన్నె

పిల్లల్ని కొట్టి పెంచాలా, ముద్దు చేసి పెంచాలా అని నన్ను అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. రిటైరైన మనిషి దగ్గర ప్రతి ప్రశ్నకూ సమాధానం మూటగట్టి ఉంటుందని ఎవరు పుట్టించారో తెలియదు. నా దగ్గర సమాధానం లేదు. ఒక పిల్ల సంగతి మాత్రం ఉంది. ఆ పిల్ల విషయంలో నేను చేసింది తప్పన్నారు, పొగరన్నారు, కూలిన గోడకు సున్నం వేసుకుంటున్నానన్నారు. ఇవాళ బాలవాడుల్లో, బడుల్లో పనిచేస్తున్న అమ్మాయిలు చదువుతారని రాస్తున్నాను కాబట్టి ముందే చెబుతున్నాను. మళ్లీ ఆ రోజు వస్తే మళ్లీ అదే చేస్తాను.

మాది వినుకొండ వైపు ఒక చిన్న జమీ. జమీ చిన్నదే గానీ దర్పం పెద్దది. ఒక గట్టు తగాదా మీద మా తాతగారు మద్రాసు హైకోర్టు దాకా వెళ్లి గెలిచారు. గెలిచి ఇంటికి వచ్చేసరికి ఆ గట్టుకు రెండు వైపులా ఉన్న పొలం ఇంకొకరిదైపోయింది. మిగిలినదాన్ని జమీందారీల రద్దు చూసుకుంది. నాన్నగారు పోయాక నేను బాలసేవిక శిక్షణకు వెళ్తానంటే మా మేనత్త, దివాణం పిల్ల ఊళ్లోవాళ్ల పిల్లల ముక్కులు తుడుస్తుందా అంది. తుడుస్తుంది, శుభ్రంగా తుడుస్తుంది అన్నాను. ఆ తర్వాత ఆమె చాలాకాలం నాతో మాట్లాడలేదు. నాకూ మాట్లాడే తీరిక లేకపోయింది.

శిక్షణలో మాకు పాటలు నేర్పారు, మట్టి బొమ్మలు చెయ్యడం నేర్పారు, పాలపొడి కలపడం నేర్పారు. మొండి పిల్లను ఏం చెయ్యాలో మాత్రం నేను మా ఇంట్లోనే నేర్చుకున్నాను. మా ఇంట్లో పిల్లల మీద ఎవరూ చెయ్యెత్తేవాళ్లు కాదు. ప్రేమ పొంగిపొర్లి కాదు, చెయ్యెత్తడం చిన్నతనమని. మా నాయనమ్మ ఒక మాట చెప్పి, అక్కడే కూర్చునేది. ఆ మాట జరిగేదాకా లేచేది కాదు, రెండోసారి గొంతు పెంచేది కాదు. ఆమె కూర్చోవడం కంటే దెబ్బలే నయమని మా పినతండ్రి అంటుండేవాడు.

యాభైలు వెళ్లిపోయి అరవైలు వస్తున్న రోజులు. ఒంగోలు ఇంకా గుంటూరు జిల్లాలోనే ఉండేది. నాకు గుంటూరులో, మిర్చి కొట్ల వెనక వీధిలో, ఒక మహిళా సంఘం నడిపే బాలవాడిలో ఉద్యోగం వచ్చింది. ఆ వీధి ఆడవాళ్లంతా పొద్దున్నే కొట్లకు వెళ్లి, ఎండుమిరపకాయల రాశుల చుట్టూ కూర్చుని ముచ్చికలు తుంచేవాళ్లు, రంగుపోయిన తాలుకాయలు ఏరేవాళ్లు. సాయంత్రం వాళ్లు తిరిగి వస్తుంటే వీధిలోకి ముందు తుమ్ములు వచ్చేవి, వెనక మనుషులు వచ్చేవాళ్లు. చంటిబిడ్డల తల్లులు బిడ్డను అరచేతులతో ఎత్తుకునేవాళ్లు కాదు. మోచేతుల మీద ఎత్తుకుని, పైటకొంగు అడ్డం పెట్టుకుని పాలిచ్చేవాళ్లు. కొత్తలో నేను అదేదో వాళ్ల ఆచారమనుకున్నాను.

బాలవాడి ఒక పత్తి వ్యాపారి పాత షెడ్డులో. దూలాల మీద దూది ఇంకా వేలాడుతూ ఉండేది. షెడ్డు ఊరికే ఇచ్చానని ఆ పెద్దమనిషి ఊరంతా చెప్పుకునేవాడు. చెప్పుకునే హక్కు ఆయనకుంది. పక్కనే వాళ్ల ఇల్లు. మా దగ్గర ఒక చెక్కగుర్రం ఉండేది కాబట్టి ఆయన మనవరాలు కూడా వచ్చి ఆడుకునేది. సంఘం ప్రెసిడెంటు గారు బ్రాడీపేటలో ఉండే ఒక ప్లీడరు గారి భార్య. మంచి మనిషే. కానీ ఎవరినీ నొప్పించకుండా అందరికీ మంచి చెయ్యాలని చూసేది, అది కుదిరే పని కాదు.

నాకు తోడు ఒక ఆయా. ఆ వీధి మనిషే, ముస్లిం, భర్త పోయిన ఆవిడ. పిల్లలంటే ప్రాణం. కోపమొస్తే వీపు మీద ఒకటి వేసేది, వేసిన మరుక్షణం తానే కళ్లనీళ్లు పెట్టుకుని బెల్లంముక్క నోట్లో పెట్టేది. నేను వద్దంటే, "మీకు బిడ్డల్లేరు టీచరమ్మా, మీకు తెలవదు" అనేది. నాకు బిడ్డలు లేని మాట నిజమే. ఆమెకు ఐదుగురు. ఐదుగురిలో ఒక్కరూ ఆమె మాట వినేవాళ్లు కాదు. ఈ సంగతి నేనెప్పుడూ పైకి అనలేదు. ఆమె లేకపోతే ఆ బాలవాడి ఒక్క పూట కూడా నడిచేది కాదు.

ఇక ఆ పిల్ల.

ఐదేళ్లుంటాయేమో. పల్చటి మొహం, పెద్ద కళ్లు, ఎండిన పెదవులు. తండ్రి ఇంకో ఊళ్లో ఇంకో సంసారం పెట్టుకున్నాడు. తల్లి ముచ్చికల పనిలోకి వెళ్లేది. చేరిన పూటే ఆ పిల్ల ఆయా చెయ్యి కొరికింది. తర్వాత నా చెయ్యి కొరికింది. ఆ తర్వాత చూడ్డానికి వచ్చిన లేడీ డాక్టరు చెయ్యి కొరికింది. మొహం కడగబోతే కొరికేది, జడ వెయ్యబోతే ఉమ్మేది, బలవంతంగా పట్టుకుంటే నేల మీద పడి కాళ్లు కొట్టుకుంటూ పాములా జారిపోయేది. మాటలు వచ్చు గానీ మాట్లాడేది కాదు. తల్లి రోజూ సాయంత్రం వచ్చి, ఇవాళ ఎవర్ని కొరికింది అని అడిగేది, కూరగాయల ధర అడిగినట్టు.

ఆ వీధిలో కొరికే పిల్లకు మందు ఒకటే. నోట్లో కారం. అందరూ చేసేదే, దాచుకునే పని కాదు. తల్లి ఒకసారి నాతో, "నాకు విడిగా కారం ఎందుకు టీచరమ్మా, కొట్లోనించి వచ్చి మూతి మీద చెయ్యి రుద్దితే సరిపోద్ది" అంది. గర్వం లేదు, సిగ్గూ లేదు. వాళ్లమ్మ ఆమెకు చేసింది, ఆమె దీనికి చేస్తోంది. ఆ పిల్ల మాత్రం కారానికి లొంగే దశ దాటిపోయింది. ఒకరోజు ఎవరో పచ్చిమిరపకాయ చూపించి బెదిరిస్తే అది లాక్కుని, వాళ్ల కళ్లల్లోకి చూస్తూ పరపరా నమిలింది. కళ్లనిండా నీళ్లు. నోరు మాత్రం మూసుకునే ఉంది. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో ఆ పిల్ల నాకు బాగా నచ్చింది. మా ఇంటి మనిషిలా అనిపించింది.

నాకు సంగతి తెలిసింది ఒక రేగుపండ్ల దోసిలి వల్ల. సంక్రాంతి వెళ్లిన రోజులు, ఎవరో పొలంలో కోసుకొచ్చారట. తల్లి సాయంత్రం పిల్లను తీసుకెళ్లడానికి వచ్చి, నాకని కొంగులోంచి తీసి రెండు చేతులా పెట్టింది. నేను ఎవరి చేతినుంచీ ఏదీ తీసుకుని తినే మనిషిని కాదు. అది మా ఇంటి జబ్బు. కానీ ఆమె మొహం చూసి కాదనలేకపోయాను. ఒకటి నోట్లో వేసుకున్నాను. పెదవులు, నాలుక, గొంతు దాకా నిప్పు పట్టుకుంది. చేతులు కడుక్కున్నావా అని అడిగాను. రెండుసార్లు కడుక్కున్నానంది, కావాలంటే చూడమని అరచేతులు చాపింది. తడిగానే ఉన్నాయి. ఆమె చేతులకు ఏమీ తెలియడం లేదు. ఏళ్ల తరబడి ఆ రాశుల్లో నానిన చేతులవి, నీళ్లకు పోయే ఘాటు కాదు. ఆ వీధివాళ్లంతా నీళ్లతో కడిగి, పోయిందనుకునేవాళ్లు. చంటిబిడ్డ దగ్గర ఉన్న జాగ్రత్త బిడ్డ నడక నేర్చేసరికి మరిచిపోయేవాళ్లు.

ఆమె ముందు మంచినీళ్లు అడగడం నాకు నామోషీ. అలాగే నిలబడి ఉన్నాను. అప్పుడు ఆమె పిల్ల దగ్గరికి వెళ్లింది. ఆ పూట ఆ పిల్ల ఎవర్నీ కొరకలేదని ఆయా చెప్పడంతో తల్లికి సంతోషమేసింది. మా బంగారు తల్లే అంటూ దాని బుగ్గలు రెండూ నిమిరింది. పిల్ల కెవ్వుమని తల్లి మణికట్టు కరిచి పట్టుకుంది. "చూశారా టీచరమ్మా, ముద్దు చేసినా ఇంతే ఇది" అంది తల్లి.

నా పెదవులు ఇంకా మండుతున్నాయి. ఆ పిల్లకు కోపపు చెయ్యీ ముద్దు చెయ్యీ ఒకే మంట పెడుతున్నాయని అప్పుడు తెలిసింది. మొహం మీదికి వచ్చే ఏ చెయ్యి దేనికి వస్తోందో అది ఎలా తెలుసుకుంటుంది?

మర్నాటి నుంచి గడప దగ్గర ఒక ఆముదం గిన్నె, కుంకుడుకాయల రసం, ఒక బకెట్టు నీళ్లు పెట్టించాను. చేతులకు ఆముదం పట్టించి, కుంకుడు రసంతో కడుక్కుంటే తప్ప ఏ తల్లీ పిల్లను ముట్టుకోకూడదన్నాను. వీధి నవ్వింది. దొరసాని గడప దాటాలంటే తలంటు పోసుకోవాలంట అని ఒకావిడ పాట కట్టినట్టు పాడింది. నేను గడపలో నిలబడ్డాను. కొందరు తిట్టుకుంటూ కడుక్కున్నారు, కొందరు నన్ను చూసి కడుక్కున్నారు. ఆ పిల్ల తల్లి అందరికంటే ఎక్కువ విసుక్కుని, అందరికంటే ఎక్కువసేపు కడుక్కుంది. ఇంట్లో కూడా చెయ్యమన్నాను. చేస్తానంది, కొన్నాళ్లు చేసింది కూడా. కారం రుద్దడం మానమన్నాను. అది మాత్రం విననట్టే పిల్లను తీసుకుని వెళ్లిపోయింది.

కొద్దిరోజుల్లోనే తేడా కనిపించింది. ఆయా దాని మొహం తుడవగలిగింది. ఒకసారి జడ కూడా వేసింది, వంకరగా. అందరూ మెచ్చుకున్నారు. ఈ రకం జ్ఞాపకాలు ఇక్కడ ఆగిపోతే బాగుంటుంది. ఆగలేదు.

భయం పోయిన పిల్లకు హద్దు ఎక్కడుందో తెలియదు, వెతుక్కుంటుంది. ఆయాకు జాలి పొంగింది. పాపం ఎన్నాళ్లు మంట పడిందో అని ఆ పిల్ల ఏం చేసినా సరే అనడం మొదలుపెట్టింది. చెక్కగుర్రం మీద మొదటి వంతు దానిదే, రెండో వంతూ దానిదే. ఎవరైనా పిల్లలు అడిగితే, మీరు పెద్దోళ్లురా, పోనీండిరా అనేది. అడిగినవాళ్లు దానికంటే చిన్నవాళ్లు. నేను ఆయాతో గొడవపడ్డాను. దానికి ఆకలైతే పెట్టు, నిద్రొస్తే జోకొట్టు, ఇంకొకరి వంతు తీసి ఇవ్వడానికి నువ్వెవరు అన్నాను. ఆమె ఏడ్చింది. నా గుండె రాయన్నది. ఆ పిల్ల మమ్మల్నిద్దరినీ చూస్తూ నిలబడింది. మా ఇద్దరి మధ్యా ఒక సందు ఉందని దానికి ఆ రోజే తెలిసింది. తర్వాత ఆ సందులోంచే తిరిగింది.

ఒక మధ్యాహ్నం షెడ్డు యజమాని మనవరాలు గుర్రం ఎక్కి కూర్చుంది. దిగనంది. అది నిజంగా ఆ పాప వంతే. ఆ పిల్ల వెళ్లి ఆ పాప బుగ్గ కొరికింది. మామూలుగా కాదు, పళ్లు దిగాయి, రక్తం వచ్చింది. ఇది భయంతో కొరకడం కాదు. నాకు తేడా తెలుసు.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి షెడ్డు ముందు జనం. యజమాని మనవరాల్ని ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. ప్రెసిడెంటు గారు రిక్షా దిగుతోంది. ఆ పిల్ల తల్లిని అప్పటికే కొట్లోనించి పిలిపించారు. రాశి దగ్గరనుంచి లేచి అలాగే వచ్చింది. గోళ్ల సందుల్లో ఎరుపు అంటుకుని ఉంది.

యజమాని ఎక్కువ మాట్లాడలేదు. ఆడపిల్ల బుగ్గ మీద మచ్చ పడితే రేపు దాన్నెవరు చేసుకుంటారని అడిగాడు. కొరికిన నోట్లో అందరి ముందూ తల్లి చేతే కారం పెట్టించాలి, లేదా ఆ పిల్లను ఇవాళే పంపెయ్యాలి అన్నాడు. రెండూ కాకపోతే షెడ్డు ఖాళీ చెయ్యాలి. ప్రెసిడెంటు గారు నా వైపు చూసింది. ఆ చూపులో, కారంతో పోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకమ్మా అని ఉంది.

తల్లి అప్పటికే పిల్లను దగ్గరికి లాక్కుంది. నేను అడ్డం వెళ్లాను.

"ఒక్కసారి మండుద్ది టీచరమ్మా, తగ్గిపోద్ది" అంది ఆమె, ఎవరికీ వినపడకుండా. "ఇక్కణ్ణించి పంపేస్తే నేనేం చెయ్యను? మీ బడి రాకముందు మంచం కోడుకు కాలు కట్టేసి పొయ్యేదాన్ని. తాడు ఒరుసుకుపోయి పుండు పడింది. మళ్లీ అదే చెయ్యమంటారా?"

అప్పటిదాకా ఆ పిల్ల చీలమండ మీది మచ్చ ఎక్కడిదో నాకు తెలియదు.

"కట్టేసే పని రాదు" అన్నాను. తర్వాత అందరికీ వినపడేలా చెప్పాను. "ఈ గడప లోపల ఎవరి నోట్లోనూ కారం పెట్టడానికి వీల్లేదు. కన్నతల్లికైనా సరే. అది చేసింది తప్పు. శిక్ష ఉంటుంది. శిక్ష నేను వేస్తాను."

"గడప నాది" అన్నాడు యజమాని.

"గడప మీదేనండీ. లోపలి పిల్లలు నా పూచీ. కావాలంటే గడప పెరుక్కుపోండి."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మీరు ఆ వినుకొండ గట్టు తగాదా వాళ్లేగా?" అన్నాడు. జనంలో కొందరు నవ్వారు.

"అవునండీ. ఆ తగాదా గెలిచినవాళ్లం" అన్నాను.

ఆయా ఇంటినుంచి గిన్నెలో వెన్న తెప్పించాను. ఆ పిల్లను గడప లోపల చాప మీద కూర్చోబెట్టి, ఎదురుగా నేను కూర్చున్నాను. ఒక్క మాట చెప్పాను. "చేతులు కడుక్కుని, ఈ వెన్న తీసుకుని, ఆ పాప బుగ్గకు రాయాలి. రాసేదాకా గుర్రం లేదు, ఇక్కణ్ణించి లేవడం లేదు. నేనూ లేవను."

అది అరిచింది. చాప పీకింది. నా చీర మీద ఉమ్మింది. నేను తుడుచుకోలేదు. పట్టుకోలేదు, బతిమాలలేదు. లేచి పరిగెత్తబోతే గడపకు అడ్డంగా జరిగి కూర్చున్నాను. చాలాసేపటికోసారి అదే మాట, అదే గొంతుతో. పిల్లలకు పాలిచ్చే వేళకు దానికీ గ్లాసు ఇచ్చాను. తప్పు చేసిన పిల్లకు కూడా ఆకలేస్తుంది. తాగింది, గ్లాసు విసిరికొట్టింది, మళ్లీ అరిచింది. ఆయా బెల్లంముక్కతో మెల్లగా వెనకనుంచి వచ్చింది. నేను చూశాను. ఆ బెల్లం ఆమే నోట్లో వేసుకుని వెనక్కి వెళ్లి గోడకు ఆనుకుని నిలబడింది. ఆ రోజు ఆయా చేసిన గొప్ప సాయం అదే, ఆమెకు ఎంత కష్టమైందో నాకు తెలుసు.

జనం కొంత పలచబడ్డారు. ప్రెసిడెంటు గారు విసనకర్ర ఆపి నన్నే చూస్తోంది. యజమాని మాత్రం కదల్లేదు. మొండితనంలో ఆయనా తక్కువవాడేం కాదు. ఎండ గడప దాటి చాప మీదికి వచ్చింది. ఆ పిల్ల గొంతు పోయింది. మూలుగుతూ, నేల గోకుతూ, చివరికి నా మొహంలోకి చూడకుండా ఒక మాట అంది.

"మండుద్ది."

నాకు మొదట అర్థం కాలేదు. ఏది మండుతుందే అన్నాను.

"నా చెయ్యి పెడితే ఆ పాపకు మండుద్ది."

లేచి దానితో పాటు బకెట్టు దగ్గరికి వెళ్లాను. తన చేతులకు తానే ఆముదం రాసుకుంది, తానే కడుక్కుంది, వాళ్లమ్మ కడుక్కున్నట్టే చాలాసేపు. తిరిగి వచ్చాక నా బుగ్గ చూపించి, ముందు నాకు రాసి చూడు అన్నాను. రెండు వేళ్లతో వెన్న తీసి నా చెంపకు రాసింది. రాసి, చెయ్యి వెనక్కి లాక్కుని, నా కళ్లల్లో నీళ్లు వస్తాయేమోనని చూస్తోంది.

"మండిందా?"

"లేదు."

"అబద్ధం."

"నేను అబద్ధం చెప్పను. మండలేదు."

యజమాని మనవరాల్ని గట్టిగా పట్టుకున్నాడు. ఆ పాపకు మాత్రం అప్పటికి పొద్దుటి కోపం పోయి ఈ వింత ఏమిటో చూడాలని ఉంది. రాయనీ తాతా అంది. ఆ పిల్ల దగ్గరికి వెళ్లి, తన పళ్ల గాటు మీద వెన్న రాసింది. ఆ పాప మెడ ముడుచుకుని, "చక్కిలిగిలి పెడతంది తాతా" అని నవ్వింది. షెడ్డులో పిల్లలంతా నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. తన వేళ్లు తను చూసుకుంటూ నిలబడింది.

తల్లి గోడ పక్కన నిలబడి ఉంది. గోళ్లల్లో ఎరుపున్న చేతులు రెండూ వీపు వెనక పెట్టుకుంది.

ఇదంతా చూసి యజమాని మనసు కరిగిందని రాస్తే మీకు బాగుంటుంది. కరగలేదు. పిల్ల సంగతి వదిలెయ్యండి, నా గడపలో నా మాట పోయింది అన్నాడు ఆయన. ఆ బాధ నాకు అర్థమవుతుంది. మాట పోవడమంటే ఏమిటో మా ఇంట్లోవాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

రెండు రోజులు పోయాక ప్రెసిడెంటు గారు వచ్చింది. ఆయనకు క్షమాపణ చెప్పమ్మా, ఒక్క మాటతో పోతుంది అంది. లేకపోతే షెడ్డు పోతుంది, లేదా ఆ పిల్ల పోవాలి.

"తప్పు లేనిచోట క్షమాపణ చెప్పనండీ. ఇంకో దారి ఉంది. నన్ను వేరే ఊరికి మార్చెయ్యండి" అన్నాను. "నేను వెళ్తే ఆయన మాట నిలిచినట్టు వీధికి కనిపిస్తుంది. ఆయనకు కావలసింది అదే. కానీ ఆ పిల్ల ఇక్కడే ఉండాలి. కారం ఉండకూడదు, ఆముదం గిన్నె ఉండాలి. ఆ మాట మీరు ఇప్పుడు ఆయా ముందు చెప్పాలి."

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఇదీ గట్టు తగాదా లాంటిదే కదమ్మా. గెలిచి పోగొట్టుకుంటున్నావు."

"కాదండీ. ఈసారి గట్టుకు అవతల ఒక పిల్ల ఉంది."

ప్రెసిడెంటు గారు ఆయాను పిలిచి ఆ మాట చెప్పింది. ఆయా తలూపింది. నేను అక్కడితో వదల్లేదు. ఆమెను పక్కకు పిలిచి, రేపు అది ఇంకొకరి వంతు అడిగితే ఏం చేస్తావు అని అడిగాను. ఇవ్వను అంది. ఏడిస్తే? "ఏడవనిస్తా టీచరమ్మా. పక్కనే కూకుంటా." ఆ మాట అనడానికి ఆయా, వెన్న రాయడానికి ఆ పిల్ల పడ్డదానికంటే ఎక్కువ కష్టపడింది.

నన్ను పల్నాటిలో ఒక పల్లెలో సంఘం నడిపే బాలవాడికి వేశారు. ఆ తర్వాత నా ఉద్యోగమంతా అలాంటి ఊళ్లలోనే గడిచింది. గుంటూరులో ఉండి ఉంటే నాకు పైమెట్టు వచ్చి ఉండేదని తర్వాత చాలామంది లెక్క కట్టి చెప్పారు. వాళ్ల లెక్క వాళ్లది. నన్ను మెత్తనిదన్నవాళ్లూ, బండరాయి అన్నవాళ్లూ ఆ ఒక్క వీధిలోనే ఉన్నారు. రెండు రకాలవాళ్లూ ఒకే రోజు చూసి అన్నారు. అందుకే ఏ పుస్తకమైనా పిల్లల్ని ఇంత మెత్తగా, ఇంత గట్టిగా పట్టుకోవాలని కొలత చెబితే నాకు నమ్మకం కుదరదు. పిల్లకు మీ చెయ్యి ఎందుకు వస్తోందో తెలియాలి. మీరు చెప్పింది జరిగేదాకా మీరు లేవరనీ తెలియాలి. ఈ రెండూ తెలియని పిల్ల కొరుకుతుంది. కొరకక ఏం చేస్తుంది?

బయల్దేరే రోజు పొద్దున బస్టాండుకు తల్లి వచ్చింది, పిల్లను తీసుకుని. పనికి వెళ్లే ముందు కాబట్టి చేతులు శుభ్రంగా ఉన్నాయి. ఆయా రాలేదు, ఏడుపు ఆపుకోలేనని కబురు పంపింది. మాకు మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. తల్లి పిల్ల భుజం తట్టి, "టీచరమ్మకు దండం పెట్టవే" అంది.

"పెట్టను."

తల్లి చెయ్యి లేచింది. అలవాటున లేచింది. పిల్ల మొహం తిప్పుకోలేదు, కళ్లు మూసుకోలేదు. ఆ చెయ్యి వైపు, ఇది దేనికి అన్నట్టు చూసింది. తల్లి కూడా తన చెయ్యిని చూసుకుంది. అది మెల్లగా కిందికి దిగి పక్కన వేలాడింది.

"పెట్టకపోతే మానె. బస్సు పొయ్యిందాకా ఇక్కణ్ణించి కదలమాక" అంది తల్లి.

బస్సు ఆలస్యమైంది. డ్రైవరు టీకి వెళ్లాడు, ఎవరో మిరపకాయల బస్తాలు టాపు మీదికి ఎక్కించారు, ఎండ ఎక్కింది. పిల్ల తల్లిని ఆనుకోలేదు, కూర్చోలేదు, ఒక్క అడుగు పక్కకు వెయ్యలేదు. తల్లి దాన్ని పట్టుకోలేదు. పనికి వేళైపోతున్నా పక్కనే నిలబడింది. బస్సు కదిలాక కిటికీలోంచి వెనక్కి చూశాను. ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఆ పిల్ల వెన్ను నిటారుగా పెట్టుకుని, రెండు చేతులూ కిందికి వదిలేసి, నా వైపు కోపంగా చూస్తోంది. దండం పెట్టలేదు.